యానాము బడిలో ఫ్రెంచిపలుకు

ఆంధ్రదేశచరిత్రమున ఫ్రెంచివారి ప్రసక్తి వచ్చినప్పుడెల్ల బుస్సీదొర ఫిరంగులు, బొబ్బిలికోట, చందుర్తిపోరు స్మరణకు వచ్చును. వారు మాటాడిన భాష మన బాలుర నాలుకలమీదికి ఏ దారిని వచ్చెను, ఎంతవఱకు నిలిచెను, ఏల తొలగెను అను ప్రశ్న యరుదుగా వినబడును. యుద్ధములకు లేఖలున్నవి, సంధులకు పత్రములున్నవి, పలక చేతబట్టిన బాలుడు బడిలో మొదటిసారి పలికిన పరభాషావాక్యమునకు శాసనము లేదు. అయినను భాష నిలుచుటకు కోటకంటె నావాక్యమే గట్టి పునాది. ఈ సంగతి తెలియుటకు కోనసీమయు, దాని యెదుటనున్న యానామును చాలిన నిదర్శనములు.

మామిడికుదురు కోనసీమలో రాజోలు, అమలాపురముల నడుమ నున్న గ్రామము. వైనతేయతీరమున నున్న అప్పనపల్లి దానికి పొరుగు. మామిడికుదురునుండి తూర్పుగా బయలుదేఱి అమలాపురము, ముమ్మిడివరము దాటి యెదుర్లంక చేరినవానికి గౌతమి యావలియొడ్డున యానాము కానవచ్చును. ఇరువదియొకటవ శతాబ్దమున వారధి యేర్పడువఱకు ఆ యేటిని పడవమీదనో పంటుమీదనో దాటవలసియుండెను. రెండుగట్టులందును మాటాడునది యొక్క తెలుగే. పండించునది యొక్క పంటయే. బంధుత్వములు నటునిటు పెనవేసికొన్నవే. అట్లుండియు 1954 వఱకు ఈవలిగట్టు బాలుడు తెలుగుతోపాటు ఇంగ్లీషు దిద్దుచుండగా ఆవలిగట్టు బాలుడు తెలుగుతోపాటు ఫ్రెంచి దిద్దుచుండెను.

ఇచ్చట నొక విశేషము గుర్తింపదగియున్నది. ఫ్రెంచివారు యానామునే కాక కోనసీమనుగూడ కొలదికాల మేలిరి. 1753లో దక్కను సుబేదారైన సలాబతుజంగు ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను సైన్యవ్యయమునకై బుస్సీ కొసగెను. గోదావరిపాయల నడిమి యీ లంకలసీమ రాజమహేంద్రవరపు సర్కారులోనిదే. 1758 డిసెంబరులో చందుర్తికడ ఫోర్డుదొరయు, విజయనగరప్రభువైన ఆనందగజపతియు కలిసి ఫ్రెంచిసేనల నోడించిరి. మఱుసటియేడు ఏప్రిలులో మచిలీపట్టణమును పోయెను. ఆ నడిమి యైదేండ్లలో శిస్తులు వసూలైనవి, దండులు నడచినవి, 1757 జనవరిలో బొబ్బిలి నేలగూలినది. ఇంతజరిగినను ఆ యేలుబడి కోనసీమ పల్లెలలో ఫ్రెంచిపలుకును నాటజాలకపోయెను.

కారణము స్పష్టము. పాలకునికిని పాలితునికిని నడుమ దుబాషీ నిలిచెను. రెండు భాషలెఱిగిన యొక్కడుండగా తక్కినవారి కాయక్కఱ కలుగదు. ఆకాలపు దుబాషీలలో మిక్కిలి పేరుగాంచినవాడు పుదుచ్చేరిలో డూప్లేదొరకడ నున్న ఆనందరంగపిళ్ల. ఈతడు 1709లో పుట్టి 1761లో గతించెను. 1736 మొదలుకొని తమిళమున దినచర్య వ్రాసియుంచెను. కస్తూరిరంగకవి రచించిన ఆనందరంగరాట్ఛందము ఈతని కంకితమగుటచే ఆంధ్రసాహిత్యమునకు నీతడు పరిచితుడే. ఫ్రెంచిదొరల కొలువులో నున్న మేటి తెలుగు లక్షణగ్రంథమునకు కృతిభర్త యాయెను. ఫ్రెంచిభాష మాత్రము కొలువుకూటమును దాటి వీథిలోనికి రాలేదు. దుబాషీ తలుపు వంటివాడు; ఆ తలుపుగుండ సరకులు సాగినవి, భాష సాగలేదు.

పరభాష వచ్చుదారి వేఱొకటి కలదని అదేశతాబ్దమున నొక ఫ్రెంచివాడే చూపెను. గాస్తోఁ కేర్దూ అను జేసూసభ గురువు 1691లో జన్మించి, కర్ణాటక మిషనులో చేరి, తెలుగువారి నడుమ చిరకాలము మెలగి, 1779లో పుదుచ్చేరిలో మరణించెను. సంస్కృతమునకును లాటిను గ్రీకులకును గల చుట్టఱికమునుగూర్చి యీతడు 1767లో పారిసు పండితసభకు లేఖ వ్రాసెను. అది విలియం జోన్సు 1786లో చేసిన ప్రసిద్ధోపన్యాసమునకు పూర్వమైనదే కాని 1808 వఱకు అచ్చుపడలేదు. తెలుగు ఫ్రెంచి సంస్కృతముల నిఘంటువును సంతరించినవాడును ఈతడే. ఇంతకంటె నిచ్చట పనికివచ్చునది యీతని 1742వ సంవత్సరపు లేఖ. అందు కలంకారివస్త్రముల కద్దకము ఆద్యంతము వర్ణింపబడినది. బట్ట నెట్లు తడుపుదురు, కరక్కాయ నెట్లు పట్టింతురు, రంగు నెట్లు దింపుదురు, ఎట్లుతుకుదురు, ఎట్లారవేయుదురు అను క్రమమును పనివారినే యడిగి, వారి చేతులు చూచి, మెట్టుమెట్టుగా నాతడు వ్రాసికొనెను. పనిని చూచుట, చేసినదానిని చేసినవరుసను చెప్పుట, ఆ చెప్పుటలో మాట నిలుపుకొనుట యనునవి యందు మూడును కలిసినవి. బాలుడు భాష నేర్చునది నీ తెఱగుననే.

ఇక యానాము. ఫ్రెంచివారచ్చట మొదట 1723లో వర్తకశాల నెలకొల్పిరి; నాలుగేండ్లకు విడిచిరి; 1731లో మరల వచ్చిరి. తరువాతి యుద్ధములలో నది పలుమార్లు ఇంగ్లీషువారి చేజిక్కి, నెపోలియను పతనానంతరము జరిగిన సంధులవలన ఫ్రాన్సునకు తుదిసారి మరలివచ్చెను. అప్పటినుండి 1954 వఱకు సుమారు 30 చదరపు కిలోమీటరుల యా ముక్క పుదుచ్చేరి, కారైకాలు, మాహేలతోపాటు ఫ్రెంచి ఇండియాలో నొక భాగమై యుండెను. 1880లో పురపాలకసంఘము లేర్పడుటతో యానామునకును మేయరు వచ్చెను. జననమరణవివాహముల పట్టీలు ఫ్రెంచిలో వ్రాయబడెను. పుదుచ్చేరిలో 1826లో స్థాపితమైన కళాశాల యీ సీమలన్నిటికి నున్నతవిద్యాస్థానము. యానాములో ఫ్రెంచి ప్రభుత్వపు పాఠశాలలు నడచెను.

అయితే ఊరు ఫ్రెంచివారిదైనను ఊరివాడుక తెలుగే. తిరుపతివేంకటకవులలో నొక్కరగు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) చిన్ననాడు కొంతకాలము చదువుకొన్నది యా యానాములోనే. మూడురంగుల జెండానీడను తెలుగు, సంస్కృతము చక్కగా సాగుచుండెననుట కిది సాక్ష్యము. మంగళవారపు సంతకు చుట్టుపట్ల బ్రిటిషుసీమ గ్రామములనుండి జనులు సుంకములేని విదేశపుసరకులకై వచ్చుచుండిరి. 1929లో పుట్టి 1930 ఏప్రిలునుండి అమలైన శారదాశాసనము బ్రిటిషుసీమలో బాల్యవివాహములను నిషేధించినపుడు, ఆ చట్టము చెల్లని యానామునకు పెండ్లిబృందములు తరలివచ్చుటయు లోకవిదితమే. బేరము తెలుగున, మంత్రము సంస్కృతమున, మంగళహారతి మరల తెలుగున. ఇంటను వాకిటను సంతలోను గుడిలోను ఫ్రెంచికి తావులేదు. దానికి మిగిలినవి రెండే చోటులు: కచ్చేరి, బడి.

ఈ రెంటికి నంతరము పెద్దది. కచ్చేరిభాష గడ్డకట్టిన భాష. అర్జీకి నొక మూస, పట్టీకి నొక మూస. వ్రాయసకాడు పేరును తేదీని మార్చి దానినే తిరుగవ్రాయును. దానిని నేర్చినవాడు దరఖాస్తు వ్రాయగలడు కాని దాహమని యడుగలేడు. బడిలోనో, గురువు రమ్మనును, కూర్చుండుమనును, పుస్తకము తెఱువుమనును. బాలుడు వచ్చును, కూర్చుండును, తెఱచును. అచ్చట మాటవెంట పని, పనివెంట మాట నడచును. యానాము బాలునికి దినమున కొన్నిగంటలు ఫ్రెంచి బ్రదికియున్న చోటు అదియొక్కటే. కావున అచ్చటి ఫ్రెంచి యే మాత్రమైన బ్రదికెనన్నచో దానికి ప్రాణము పోసినవి తరగతిగదిలోని నిత్యకృత్యములే.

ఈ సత్యమును శాస్త్రముగా మలచినవాడు ఫ్రాన్సువా గువేఁ అను ఫ్రెంచి ఉపాధ్యాయుడు (1831–1896). ఈతని కథ వినదగినది. జర్మనుభాష నేర్వగోరి హాంబర్గు నగరమున కేగి, గదిలో కూర్చుండి, వ్యాకరణమును 248 క్రమరహితధాతువులతోసహా పదిదినములలో వల్లెవేసెను. అంత నచ్చటి విద్యాలయమునకు బోయి ఉపన్యాసము వినగా నొక్కమాటయు బోధపడలేదు. పిమ్మట ధాతువులు కంఠస్థము చేసెను, ఫలములేదు. తుదకు ముప్పదివేలమాటల నిఘంటువును నెలదినములలో వల్లించెను. కన్నులు చెడినవి కాని భాష రాలేదు. ఓడి యింటికి మరలి వచ్చునప్పటికి మూడేండ్ల మేనల్లుడు తన మాతృభాషను ధారాళముగా మాటాడుచుండెను. ఒకనాడా బాలుడు పిండిమరకు పోయి వచ్చి, చూచినదంతయు బొమ్మమరతో మరల నాడుకొనుచు, సంచినింపుట, మోయుట, పోయుట, చక్రము తిరుగుట అని చేసిన ప్రతిపనిని పలుకుచుండెను. గువేఁకు కన్నువిచ్చినది. 1880లో ప్రకటించిన గ్రంథమున నాతడు భాషాబోధనమునకు ‘వరుస’లను మార్గముగా చూపెను. ఏదేని యొకపనిని దాని యంగములుగా విడదీసి, చేయుచు నొక్కొక్కయంగమును చెప్పుటయే వరుస. 1892లో నీ గ్రంథ మింగ్లీషున వెలువడెను. 1902లో ఫ్రెంచి ప్రభుత్వమే తన పాఠశాలలలో విదేశభాషలను ప్రత్యక్షపద్ధతిని చెప్పవలెనని శాసించెను.

వరుస యెట్లుండునో తరగతిగదినుండియే చూడవచ్చును. బాలుడు నల్లబల్లకడకు బోయి యొకమాట వ్రాసి వచ్చుట యనుకొందము. ‘జ్య మ లేవ్’ అనగా లేచుచున్నాను. ‘జ్య వే ఓ తాబ్లో’ అనగా నల్లబల్లకడకు పోవుచున్నాను. ‘జ్య ప్రాఁ లా క్రే’, సుద్దముక్క తీసికొనుచున్నాను. ‘జెక్రి ల మో’, మాట వ్రాయుచున్నాను. ‘జెఫాస్’, తుడిచివేయుచున్నాను. ‘జ్య ర్తూర్న్ ఆ మా ప్లాస్’, నా చోటికి మరలుచున్నాను. ఆఱువాక్యములు, అన్నియు దృశ్యములే, వరుస తప్పిన పని తప్పును గావున జ్ఞాపకమునకు వేఱు శ్రమలేదు. గురువు ‘కెస్క తు ఫే?’ (నీవేమి చేయుచున్నావు?) అని యడిగినపుడు బాలుడు తాను చేయుచున్నదానినే చెప్పును.

ఈ చిన్నవాక్యములలోనే తెలుగువానికి చిక్కులును సదుపాయములును దాగియున్నవి. తెలుగు అజంతభాష. కావున ‘ప్లాస్’ అనుచోట నాలుక తనంతట ఉకారమును చేర్చి ‘ప్లాసు’ అనగోరును. ‘తు’ అనుదాని యచ్చు తెలుగున లేదు. పెదవులు ఉకారమునకు, నాలుక ఇకారమునకు నొక్కసారి యమర్చినగాని పలుకదు. ‘ప్రాఁ’ అనుచోటి ముక్కుపలుకు క్రొత్తదిగా దోచును కాని పూర్వవ్యాకరణముల నెఱిగినవారికి క్రొత్తకాదు. నేడు వ్రాతలో మాత్రము మిగిలిన అరసున్న యొకప్పుడు పలికినతీరు దానికి దాపైనదే.

సంధివిషయమున తెలుగువాని భాగ్యము మఱింత. ‘జ్య’ యను సర్వనామము ‘ఎక్రి’ యను క్రియకు ముందువచ్చినపుడు తన యచ్చును విడిచి ‘జెక్రి’ యగును. అతడు, ఎక్కడ యను పదములు కలిసి అతడెక్కడ యగుటవంటిదే యిది. ‘లే కాయే’ (వ్రాతపుస్తకములు) అనునపుడు ‘లే’ తుద వ్రాయబడిన సకారము పలుకదు. ‘ఎలేవ్’ (విద్యార్థులు) అను నచ్చు పరమైనపుడు అదియే జకారమై మేల్కొని ‘లేజెలేవ్’ అనిపించును. వాక్కు, ఈశుడు కలిసి వాగీశుడైనపుడు పరుషము సరళమగుట యెఱిగిన బాలునికి దీనిని విప్పిచెప్ప నక్కఱలేదు. ఇంగ్లీషుమాత్రమే చదివినవాడు తడబడుచోట సంధి చదివినవాడు నవ్వుకొనును.

లింగమున మాత్రము కష్టము తప్పదు. సుద్దముక్క స్త్రీలింగము, నల్లబల్ల పుంలింగము, పలక స్త్రీలింగము, పుస్తకము పుంలింగము. తెలుగున నివియన్నియు అమహత్తులే. కాని భార్యయను నొక్కయర్థమున దారశబ్దము పుంలింగము, కలత్రశబ్దము నపుంసకలింగమని యొప్పుకొన్న సంస్కృతవిద్యార్థికి లింగము వస్తువుది కాదు శబ్దముదే యను సంగతి తెలియును. క్రియలో ‘జెక్రి’ యనునొక్కరూపమే వ్రాయుచున్నాను, వ్రాయుదును అను రెంటికిని చాలును. తెలుగువాడు ‘నాకు బోధపడినది’ యనుచోట ఫ్రెంచివాడు తానే కర్తయై ‘జ్య కోంప్రాఁ’ యనును. ‘తెలియదు’ అను నొక్కక్రియతో మనము ముగించుదానిని వారు క్రియకు ముందొకటి వెనుకనొకటి వ్యతిరేకపదములుంచి ‘జ్య న సే పా’ యందురు. ఇక ‘తు’, ‘వూ’ అను భేదము మన నీవు, మీరు అనుదానికి నీడవంటిది. గౌరవమునకు బహువచనము వాడుట తెలుగుబాలునికి తల్లియొడినుండి వచ్చినదే.

ఇచ్చటనే యొక చేదునిజమును చెప్పవలసియున్నది. తరగతిభాషకు శక్తియుండుటచే దానిని చేతబట్టిన ప్రభుత్వములు దుర్వినియోగమును చేసినవి. పందొమ్మిదవ శతాబ్ది తుదిభాగమున ఇరేనే కారే అను విద్యాపర్యవేక్షకుడు ఫ్రాన్సులోనే ఫ్రెంచి రాని బ్రెటను బాలుర కొఱకు నొకపద్ధతి కల్పించెను. తల్లి బిడ్డకు మాటలు నేర్పినట్లు చూపి చేసి చెప్పించుట దాని సుగుణము. బాలుని యింటిభాషను బడిగడప దాటనీయకుండుట దాని దోషము. వలసరాజ్యములలోని బడులకు నా తలంపు ప్రాకినది. ఇంటిభాష వెలియైనచో పైనిజెప్పిన సంధిసాదృశ్యమంతయు నిరుపయోగము. ఉన్న నిచ్చెనను త్రోసివేసి గోడ నెక్కుమనుట వంటిది. చేయుచు చెప్పు వరుసకు మాతృభాష శత్రువు కాదు. వెనుకనుండి వెలుగుచూపు దీపమది.

యానాములో ఫ్రెంచిదినములు 1954తో ముగిసినవి. ఆ సంవత్సరము జూను 13వ తేదీని యానామును విముక్తము చేసిన యుద్యమమునకు నాయకుడు దడాల రఫేలు రమణయ్య. ఈతడు పూర్వము ఫ్రెంచిప్రభుత్వపు పోలీసుశాఖలో నుద్యోగము చేసినవాడే. 1954 నవంబరు 1న పరిపాలన భారతప్రభుత్వమునకు మాఱెను. 1956 మే 28న స్వాధీనపుసంధి వ్రాయబడెను. 1962 ఆగస్టు 16న నది చట్టరీత్యా అమలయ్యెను. ఆ సంధిలో, ఎన్నికైన ప్రజాప్రతినిధులు వేఱువిధముగా నిశ్చయించువఱకు ఫ్రెంచియే యధికారభాషగా నుండునను నియమము గలదు. ఆఱునెలలలో ఫ్రెంచిపౌరసత్వమును కోరుకొనుట కవకాశమీయబడెను. 1965 నాటి పుదుచ్చేరి అధికారభాషాచట్టము యానాములో తెలుగునకు స్థానమిచ్చెను, ఇంగ్లీషు కచ్చేరినాక్రమించెను.

ఇందు గమనింపవలసిన దేమనగా, ఫ్రెంచి పత్రములలో నిలుచుటకు సంధి చాలినది. నోటిలో నిలుచుటకు చాలలేదు. ఇంటిలో మొదటినుండియు లేనిభాష బడినుండి తొలగినదినమున దానికి మఱియొక యాధారము లేకపోయెను. శాసనము దానిని కొన్నాళ్లు అధికారభాష యనెను. కాని ‘లేచుచున్నాను, సుద్దముక్క తీసికొనుచున్నాను’ అని పలుకు బాలుడు లేనిచోట భాషకు మిగులునది పట్టీపుస్తకములే. 1753లో సర్కారుల నేలిన సైన్యమునకు కొఱవడినదియు, 1956లో వ్రాయబడిన నియమమునకు కొఱవడినదియు నొక్కటియే.

లోకమున భాషాబోధకులు నేడు మరల నీ తావునకే వచ్చియున్నారు. 2001లో యూరోపుమండలి భాషాసామర్థ్యమునకు ఆఱుమెట్లను నిర్ణయించెను. అందు మొదటి మెట్టున నడుగునది కావ్యము కాదు, వ్యాకరణసూత్రము కాదు. తన్నుగూర్చియు తన చుట్టునున్నవానిగూర్చియు నిత్యవ్యవహారపు చిన్నవాక్యములలో చెప్పగలుగుటయే. ఫ్రెంచి పరీక్షలును ఈ మెట్లనే యనుసరించుచున్నవి.

మామిడికుదురు బడిలో నేడు ఇంగ్లీషు చదువుకొను బాలునికిని, ఎన్నడేని ఫ్రెంచి నేర్వబూను బాలునికిని యానాముచరిత్ర యొక్కటే చెప్పును. పుటలు వల్లించి గువేఁవలె కన్నులు చెఱుపుకొనవలదు. తలుపు తెఱచునపుడు తెఱచుచున్నానని, పలక తుడుచునపుడు తుడుచుచున్నానని, తెలియనప్పుడు తెలియదని ఆ భాషలో చెప్పనేర్చుకొనుట మొదటి పని. ఆ వెనుక తన తెలుగులోని సంధిని, మర్యాదను, అరసున్నను తోడుదెచ్చికొనిన పరభాష పరాయిగా దోపదు. గౌతమి యావలిగట్టున రెండువందలయేండ్లు నిలిచిన రాజ్యము పోయినది. దాని బడిలో నొకప్పుడు వినబడిన చిన్నవాక్యము మాత్రము నేర్వదలచినవారికి నేటికిని దారిచూపుచున్నది.